వాన పడేదాకా పెండ్లికొడుకు

నాకు పదహారేళ్ళప్పుడు మా ఊళ్ళో నన్ను పెండ్లికొడుకును చేశారు.

అది వానపెండ్లి. కర్ణాటకలోని పావగడ తాలూకాలో అరసికెరె దగ్గర మాది ఎర్రమట్టి నేల. ఎనభైల చివర్లో ఊరు మొత్తం వేరుశెనగ మీదే బతికేది. మృగశిర కార్తెలో నేల తడిస్తే విత్తేవాళ్ళు. ఆరుద్రలో పడినా ఫర్వాలేదు. అది కూడా పొడిగా పోతుంటే ఇళ్ళల్లో మాటలు తగ్గిపోయేవి. అప్పుడు ముసలివాళ్ళు కూర్చుని వానపెండ్లి చేయాలని తీర్మానించేవారు. ఇద్దరు చిన్న మగపిల్లల్ని తెచ్చి, ఒకరికి చీర కట్టి, ఒకరికి తలగుడ్డ చుట్టి, ఊరంతా తిప్పి, పసుపుకొమ్ము కట్టించేవారు. ఇంటింటా అడిగి తెచ్చిన రాగిపిండితో సంగటి చేసి అందరికీ పెట్టేవారు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ చేస్తే అది మనుషుల పెండ్లి అయిపోతుందని, పెద్దయ్యాక ఎవరైనా దాన్ని పట్టుకుని పేచీ పెడతారని భయం. ఇద్దరూ ఒకటే అయితే ఏ చిక్కూ లేదు. ఆ పెండ్లి వానదేవుడికి చెల్లుతుంది, పిల్లలకు అంటదు. ఆ సంగతిలో మా ఊళ్ళో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

ఆ ఏడు మగపిల్లలకు బదులు ఆడపిల్లలకు చేయాలని పట్టుపట్టింది మా అవ్వ, అంటే నాయన తల్లి.

"మొగపిల్లోళ్ళకు చేసి చేసి ఏం పడింది వాన? ఈ తూరి ఆడపిల్లలకు చేద్దాం. వానదేవుడూ మొగోడే గదా, ఆడపిల్లల మాట వింటాడేమో."

"నీ మాట మీ ఆయన ఎప్పుడన్నా వినినాడా అత్తా?" అని ఎవరో అన్నారు.

"వినలేదు గాబట్టే పోయినాడు," అంది అవ్వ.

రెండో తరగతి చదివే ఇద్దరు పిల్లల్ని అనుకున్నారు. పెండ్లినాటి ఉదయం పెండ్లికొడుకు కావలసిన పిల్లకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. అరుగు మీద కూర్చుని ఏం చేయాలని చూస్తున్న అవ్వ కళ్ళు నా మీద పడ్డాయి. అంతకు ముందు చలికాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గితే నా తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. జుట్టు అప్పుడప్పుడే వేలెడు పెరిగి మగపిల్లవాడి క్రాపులాగా ఉంది.

"ఏమ్మే, ఇట్లా రా," అంది అవ్వ. "నీ తలకాయ చూస్తే తలగుడ్డ గూడా అక్కర్లేదు."

"నేను పెద్దదాన్నవ్వా."

"పెండ్లికొడుకు పెద్దోడైతే తప్పేంది? బిన్నా పంచె కట్టుకో, పొద్దెక్కుతాండాది."

నాయన పంచె కట్టి, కండువా వేసి నన్ను నిలబెట్టారు. పెండ్లికూతురుగా అనుకున్న చిన్నపిల్ల నా నడుము ఎత్తే ఉంది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. "పెండ్లి కాదమ్మా ఇది, తండ్రి బిడ్డను బడికి తీస్కపోతాండాడు!" అని ఒకామె. అప్పుడు వెనకనుంచి ఎవరో నా స్నేహితురాలిని ముందుకు తోశారు. "ఈ పిల్లను నిలబెట్టండి. ఈడూ జోడూ కుదుర్తాది."

ఆమె ఊరి చివర గొర్రెలవాళ్ళ ఇంటి పిల్ల. వాళ్ళ తాతల కాలంలో మందలు ఉండేవట. అప్పటికి కొద్దిగా సేద్యం, కొద్దిగా కూలి. ఆమె తల్లి వెనక్కి లాగబోయింది. "మీరు పెద్దింటోళ్ళు, వొద్దులే అవ్వా," అంది.

"వానకు కులమేందిమ్మే? నీ సేన్లో ఒక రకం, నా సేన్లో ఒక రకం పడతాదా?" అంది అవ్వ. దానితో ఆ మాట ముగిసింది.

ఆ పిల్లా నేనూ ఆరో తరగతి నుంచి కలిసి బడికి నడిచేవాళ్ళం. కన్నడ పాఠాలు దారిలో వల్లెవేసేవాళ్ళం, మిగతా మాటలు తెలుగులో. ఆమె రాని రోజు బడికి వెళ్ళడం దండగ అనిపించేది. ఆమె నవ్వితే, ఎందుకు నవ్విందో ఇంటికి వచ్చాక కూడా ఆలోచించేదాన్ని. దాన్ని స్నేహమే అనుకున్నాను. వేరే పేరు నాకు తెలియదు. మా తరగతి ఆడపిల్లలు బస్సు కండక్టర్ గురించి, కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారి గురించి గుసగుసలాడుకుంటుంటే నేనూ చెవి పెట్టి వినేదాన్ని. వాళ్ళకు కలిగేది నాకూ ఎప్పుడో కలుగుతుందని ఎదురుచూశాను. కొందరికి పళ్ళు ఆలస్యంగా వస్తాయి కదా, ఇదీ అంతే అనుకున్నాను. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలల్లో ప్రేమించుకునేవాళ్ళు ఎప్పుడూ ఒక ఆడా ఒక మగా. చదువుతున్నప్పుడు నన్ను నేను ఆ మగవాడి చోట నిలబెట్టుకుంటున్నానని కూడా నేను గమనించలేదు.

ఊరు తిరిగినంత సేపూ ఆడవాళ్ళు నన్ను ఆటపట్టించారు.

"ఏం అల్లుడా, ఏం చదివినావు?"

"ఎస్సెల్సీ."

"పాసా, ఫెయిలా?"

"ఇంగా చెప్పలేదు."

"ఫెయిలైతే మా గొర్రెలు కాస్తువులే. తాగుతావా?"

"నీళ్ళుంటే తాగుతా."

అందరూ నవ్వారు. ఆ ఏడు మా ఊరి బావుల్లో బిందె మునిగేంత నీళ్ళు కూడా లేవు.

సాయంత్రం పొద్దుండగానే పసుపుకొమ్ము కట్టించారు. ఆమె తల వంచింది. మెడ మీద చెమట, దానికి అంటుకున్న పసుపు. నేను ముడి వేస్తుంటే చేతులు వణికాయి. "చూడండమ్మా, నిజం మొగుని మాదిరే వణుకుతాండాడు!" అని ఒకామె అరిచింది. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. కాని నాకు అప్పుడే తెలిసింది. అంతవరకు నాలో ఏదో తక్కువ ఉందనుకుంటూ వచ్చాను. ఆ ముడి వేసిన క్షణంలో నాలో ఏదీ తక్కువ లేదనిపించింది.

వానపెండ్లికి ఒక నియమం ఉంది. వాన పడేదాకా ఆ పసుపుకొమ్ము పెండ్లికూతురి మెడలోనే ఉండాలి. మొదటి వానకు ఊరి పక్క వంకలో నీళ్ళు పారితే ఇద్దరూ వెళ్ళి, కట్టినవాళ్ళే ఇప్పి, నీళ్ళలో వదిలేయాలి. అంతవరకు ఊరు ఆ ఇద్దరినీ మొగుడూ పెండ్లాం అనే పిలుస్తుంది.

వాన రాలేదు. ఊళ్ళో మాత్రం మా ఇద్దరి మీద వేళాకోళం సాగుతూనే ఉంది.

"ఏమ్మే, నీ మొగుడు యాడ?" అని దారిన పోయేవాళ్ళు ఆమెను అడిగేవారు.

"దుబాయికి పోయినాడు. చీరలు తెస్తాడంట," అనేది ఆమె. నేను పక్కనే ఉండేదాన్ని.

ఆ రోజుల్లో మా ఇంటి పంచలో విత్తనం కాయలు వొలిచేవాళ్ళు. మిషన్లో వేస్తే గింజ మీది ఎర్రపొర చిట్లుతుంది, అట్లాంటి గింజ మొలవదు. అందుకని వీధిలోని ఆడవాళ్ళంతా కూర్చుని చేత్తోనే వొలవాలి. ఆమె కూడా వచ్చేది. బొటనవేలు కాయలు కాసేదాకా వొలిచేవాళ్ళం. పదో తరగతి పరీక్షలైన ఆ సెలవుల్లో చేయడానికి వేరే పని లేదు, తినడానికి పెద్దగా లేదు, పశువులకు మేత లేదు. అయినా నా జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు అంతకు ముందు లేవు.

మా అమ్మ తమ్ముడి సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మాకు మేనమామను చేసుకోవడం ఆచారం. నేను పుట్టిన రోజే మామకు పెండ్లాం పుట్టిందని అనుకున్నారట. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. మడకశిర వైపు, సరిహద్దుకు అవతల, అమ్మ పుట్టింట్లో ఉండి సేద్యం చేసేవాడు. హాస్యగాడు, మంచివాడు. వచ్చినప్పుడల్లా నాకు గాజులో పుస్తకాలో తెచ్చేవాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన పక్కన ఇల్లాలిగా నన్ను ఊహించుకోవాలని ప్రయత్నించాను. ఎంత ప్రయత్నించినా ఆ ఊహలో నా ముఖం కనిపించేది కాదు.

"వాన పడనీ, కాయ ఇంటికి రానీ. ఈ ఏడే చేసేద్దాం," అన్నాడు నాయన.

అంటే వాన పడిన రోజు ఆమె మెడలోని తాడు తెగుతుంది. పంట ఇంటికి వచ్చిన నెలలో నా మెడలో తాడు పడుతుంది. ఊరంతా ఆకాశం చూస్తుంటే నేనూ చూసేదాన్ని. మా ఎద్దుల పక్కటెముకలు లెక్కపెట్టేలా కనబడుతున్నాయి. నాయన తెల్లవారుజామునే లేచి చేనిగట్టు మీద ఊరికే నిలబడి వచ్చేవాడు. అవన్నీ నాకు తెలుసు. అయినా పడమటి దిక్కున మబ్బు కనబడితే అది పక్కకు తేలిపోవాలని కోరుకునేదాన్ని.

పునర్వసు చివర్లో ఒక మధ్యాహ్నం వాన పడింది. అవ్వ వాకిట్లోనే కూర్చుని తడిసింది, లేపితే లేవలేదు. పిల్లలు, పెద్దలు, కుక్కలు అందరూ వీధిలోనే. నేను విత్తనం మూటలు పెట్టిన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. కారే చోట పెట్టడానికి గిన్నె కోసం అమ్మ లోపలికి వచ్చింది.

"ఏమ్మే, ఊరంతా నవ్వుతాంటే నువ్వు ఏడుస్తాండావు?"

"తలనొప్పి."

అమ్మ కాసేపు నన్నే చూసింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

వాన వెలిసాక ఆ పిల్ల వచ్చి పిలిచింది. ఇద్దరం వంక దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు ఎర్రగా, మోకాలి లోతు పారుతున్నాయి. తడిసిన ముడి బిగుసుకుపోయి, నాకు రాలేదు. రాకపోవడం నాకు బాగానే ఉంది.

"యాలమ్మే, మాట్లాడవు?" అంది ఆమె.

"నాకు ఇప్పాలని లేదు."

ఆమె నీళ్ళ వైపు చూస్తూ అంది: "నాకు ఇది ఆట. నీకు ఆట కాదని నాకు తెలుసు. శానా దినాల నుంచి తెలుసు."

నేను ముడి మీదనుంచి చేయి తీశాను. చివరికి, "నన్ను చూస్తే నీకు ఏవగింపు పుట్టలేదా?" అన్నాను.

"ఏంటికి? నువ్వేం చేసినావని? బడికి తోడొచ్చినావు, లెక్కలు నేర్పించినావు." తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "మీ అమ్మకు చెప్పు. మీ మామ మంచోడు గదా. పెండ్లి అయినాక ఏడ్చేకంటే ముందే చెప్పేది మేలు. ఆయప్పను ఏంటికి ఏడిపించల్ల?"

"చెప్తే చంపేస్తాది."

"మీ అమ్మా? కోడిని గూడా కోయలేదు మీ అమ్మ."

తాడు ముందుకు తిప్పుకుని తానే పళ్ళతో ముడి వదులు చేసింది. నేను ఇప్పాను. నీళ్ళలో వదిలితే చూస్తుండగానే కొట్టుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె రోజూలాగే నా చేయి పట్టుకుని నడిచింది. ఆమె నాకు దక్కదని ఆ రోజే తెలిసింది, అయినా ఆమె చేయి వదల్లేదు. ఆ రెండూ ఒకే రోజు జరిగినందువల్లే నాకు ధైర్యం వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను.

మర్నాడే విత్తనం మొదలుపెట్టారు. ముందు నాయన ఎద్దులతో గొర్రు తోలుతుంటాడు. గొర్రు వెనక నడుస్తూ, దానికి కట్టిన వెదురు గొట్టంలో గింజలు ఒక్కొక్కటిగా జారవిడవాలి. ఎద్దు నడకకు చేయి కలవాలి. చేయి ఆగితే ఆ చోట నేల ఖాళీగా మిగిలిపోతుంది, మొలకలు వచ్చాక ఊరంతా చూస్తుంది. మా అమ్మ చేతికి ఊళ్ళో పేరుండేది. ఆమె విత్తిన సాలులో సందు ఉండదని వేరేవాళ్ళు కూడా పిలిచేవారు. నేను గింజల బుట్ట ఎత్తుకుని పక్కన నడుస్తూ ఆమె ఒడిలో నింపుతుండాలి.

రెండో పూట, చేను సగమయ్యాక, చెప్పాను.

"అమ్మా, నాకు మామ వొద్దు."

"మల్ల ఎవురు గావల్ల?" చేయి ఆగలేదు.

"ఎవురూ వొద్దు. మొగోళ్ళెవురూ వొద్దు."

"సన్యాసం తీస్కుంటావా?" అంది నవ్వుతూ.

"కాదమ్మా. ఆ వానపెండ్లి నాకు ఆట కాదు. అందరికీ మొగోళ్ళ మీద ఉండే మనసు నాకు ఆడపిల్లల మీద ఉండాది. ఆ పిల్ల మీద ఉండాది. ఇంతకు ముందు నాకే తెలీదు. ఇప్పుడు తెలిసింది."

అమ్మ చేయి ఆగింది. ఎద్దులు ఆగలేదు. ఆమె నడుస్తూనే ఉంది, గుప్పిట మూసుకుని. ముందునుంచి నాయన తల తిప్పకుండా, "ఏమ్మే, గింజ పడతాండాదా?" అని అరిచాడు.

"పడతాండాది, నువ్వు తోలు," అంది అమ్మ. చేయి మళ్ళీ కదిలింది.

ఆ సాయంత్రం ఆమె ఏమీ అడగలేదు. మర్నాడూ అడగలేదు. నాకు సంగటి పెట్టేది, తలకు నూనె రాసేది, కాని నా ముఖంలోకి చూసేది కాదు. ఆ రోజుల్లో ఇంటికి ఎవరు వచ్చినా మామ వచ్చాడేమో, ముహూర్తం మాట్లాడటానికి ఎవరైనా వచ్చారేమో అని ఉలిక్కిపడేదాన్ని. అమ్మ ఏమీ విననట్టే ఉండిపోతే నా పెండ్లి దానంతట అదే జరిగిపోతుంది. ఆమె ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. నా భయమంతా దాని గురించే.

చేను మొలిచింది. నాయన, అమ్మ, నేను చూడటానికి వెళ్ళాం. సాళ్ళన్నీ చక్కగా వచ్చాయి, ఒక్కచోట తప్ప. అక్కడ మనిషి పడుకునేంత మేర ఏమీ మొలవలేదు.

"ఈడేంది ఇంత సందు?" అన్నాడు నాయన. "నీ చేతిలో ఎప్పుడూ లేదే ఇట్లా."

"చీమలు తినింటాయి," అంది అమ్మ.

"ఒక్క సాలులోనే తినినాయా?"

"చీమలకేం లెక్కా పత్రమా? దొరికిన కాడ తింటాయి."

"మా ఊరి చీమలకు మీ పుట్టింటోళ్ళ తెలివి వచ్చినట్టుండాది," అని నాయన అవతలి గట్టు చూడటానికి వెళ్ళిపోయాడు. అమ్మ నా వైపు తిరిగింది. గొర్రు వెనక ఆ మాట చెప్పిన తర్వాత ఆమె నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి. నేను గట్టు మీద కూర్చున్నాను. ఆమె నా కోసం నాయనతో అబద్ధం చెప్పింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

మర్నాడు నానబెట్టిన గింజలు తీసుకుని ఇద్దరం ఆ సందు నాటడానికి వెళ్ళాం. ఆమె చిన్న గునపంతో గుంత చేసేది, నేను గింజ వేసి మట్టి కప్పేదాన్ని.

"ఎప్పట్నుంచి నీకు?" అంది.

"తెలీదమ్మా. ఎప్పుడూ ఇట్లే ఉన్నట్టుండాది."

"నేనేమన్నా చేసినానా? నువ్వు కడుపులో ఉండంగా గ్రహణం పట్టింది. మీ అవ్వ వొద్దంటాంటే బయటికి పోతిని."

"అదేం కాదమ్మా."

"ఆ పిల్లకు తెలుసా?"

"తెలుసు. ఆమెకు అట్లా లేదు."

అమ్మ గునపం ఆపింది. "అయ్యో," అంది. ఆ ఒక్క అయ్యోకు నాకు ఏడుపు వచ్చింది. నేను ఆ పిల్లను ప్రేమించానని కాదు, ఆ పిల్ల నన్ను ప్రేమించలేదని మా అమ్మ బాధపడింది.

"మారతాదా ఇది?" అంది.

"మారదనుకుంటా."

"నాకు అర్థం గాలేదుమ్మే. ఈ దినాలన్నీ దాన్నే తిప్పి తిప్పి చూస్తాండా, అర్థం గాలేదు. అర్థం గాలేదని నిన్ను బాయిలో తోస్తానా?" మళ్ళీ గుంత చేయడం మొదలుపెట్టింది. "మీ నాయనకు ఇప్పుడొద్దు. పిల్ల చదువుకుంటాదంట అని చెప్తా. మీ మామకు నేనే పోయి చెప్పుకుంటా. నా తమ్ముడు గదా, తిట్టినా నన్నే తిడతాడు."

ఆ వారమే ఒక్కతే బస్సెక్కి పుట్టింటికి వెళ్ళింది. మర్నాడు వచ్చింది. కాళ్ళు కడుక్కుంటూ, "చదివిస్తామని చెప్పినా," అంది. ఇంకేం చెప్పలేదు. నాయన రెండు రోజులు అరిచాడు. అవ్వ నన్ను చూసి, "కలెక్టర్ అవుతావా?" అని మూతి తిప్పింది. తర్వాత కాయ కోతలు వచ్చాయి, అందరూ దానిలో పడ్డారు.

మామ చాలా ఏళ్ళు మా ఇంటికి రాలేదు. పండగలకు అమ్మను పిలవడానికి పుట్టింటి నుంచి ఎవరూ వచ్చేవారు కాదు. పక్కింటి ఆడవాళ్ళు పుట్టింటి చీరలు కట్టుకుని తిరుగుతుంటే అమ్మ ఏదో ఒక పని పెట్టుకుని చేనికి వెళ్ళిపోయేది. నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. నేను పావగడలో పీయూసీ, తుమకూరులో డిగ్రీ చదివి అక్కడే టీచరునయ్యాను. ఆ పిల్ల హిందూపురం వైపు పెండ్లి చేసుకుని వెళ్ళింది. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మామకు కూడా వేరే సంబంధం కుదిరింది. పిల్లలు పుట్టాక మెల్లగా రాకపోకలు మొదలయ్యాయి. నాయనకు నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయన పోయినప్పుడు ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అట్లాగే మిగిలిపోయింది.

తుమకూరులో నాతో కలిసి పనిచేసే ఆమె, నేను, ముప్పై ఏళ్ళ వయసు నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం. అమ్మ మొదట్లో ఆమెను "టీచరమ్మా" అనేది, ఆమె వండింది తిని ఉప్పు సరిపోయిందని మర్యాదగా చెప్పేది. ఒక ఏడాది వచ్చినప్పుడు ఆమెను పట్టుకుని, "ఏమ్మే, ఈ చారులో ఏమేసినావు, తాగలేకపోతాండా," అంది. నన్ను పిలిచినట్టే తననూ పిలిచిందని ఆమె ఆ రోజంతా సంతోషంగా తిరిగింది. చివరి రెండేళ్ళు అమ్మ మా దగ్గరే ఉంది. మంచం పట్టాక నేను బడికి వెళ్ళిన వేళల్లో ఆమె సెలవు పెట్టి కూర్చునేది. పోయిన ఏడాది అమ్మ పోయింది. అంతకుమించి దాని గురించి చెప్పలేను.

పదకొండో రోజు దినం ఊళ్ళో చేశాం. దినానికి పుట్టింటివాళ్ళు బట్టలు తెచ్చి, పోయినవాళ్ళ పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి పెట్టడం మా ఆచారం. పెండ్లయినవాళ్ళయితే ఆలుమగల్ని పక్కపక్కన కూర్చోబెడతారు. అమ్మకు నేనొక్కదాన్నే సంతానం. చాప పరిచే లోపల మామ వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. జుట్టంతా నెరిసింది, నడుము వంగింది, నోరు మాత్రం అట్లాగే ఉంది.

"మీ అమ్మ ఆ పొద్దు మా ఊరికొచ్చి నాతో ఏం చెప్పిందో నీకు తెలుసా?"

"చదివిస్తామని చెప్పింది గదా మామా."

"అది అందరి ముందర. తర్వాత నన్ను దొడ్లోకి పిలిచి ఉన్నదున్నట్ల చెప్పింది. 'తమ్ముడా, అది వొద్దనేది నిన్ను కాదప్పా, మొగోళ్ళనే' అనింది." నేను ఆయన వైపు తిరిగే లోపలే ఆయన నవ్వాడు. "నిజం చెప్తాండా, అది వినినాక నాకు సగం కోపం పోయింది. నాకంటే చక్కనోడు యాడనో దొరికినాడేమోనని కుళ్ళి చస్తాంటి."

"మల్ల అన్నేళ్ళు ఏంటికి రాలేదు?"

"మిగిలిన సగం పోవద్దా?"

అమ్మ నా కోసం తమ్ముడికి అబద్ధం చెప్పి పుట్టింటిని పోగొట్టుకుందని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఆమె నిజమే చెప్పింది. చెప్పి, ఆయన మెత్తబడేదాకా ఎదురుచూసింది.

"ఎవురికీ చెప్పలేదా మామా?"

"ఒట్టేయించుకునింది గదా. నా పెండ్లానికి గూడా చెప్పలా." లేచి, సంచి తీసుకుని చాప దగ్గరికి నడిచాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆయన చుట్టూ చూశాడు. "నీతో ఉండే ఆయమ్మ యాడ?"

ఆమె పెరట్లో ఆడవాళ్ళకు మజ్జిగ పోస్తోంది.

"పిలవండి."

"టీచరమ్మను యాలప్పా?" అని మా పక్కింటి పెద్దామె అడిగింది. "ఇది ఇంటోళ్ళకు గదా."

"మా అక్క ఆఖరు గుక్క ఆయమ్మ చేతి నీళ్ళే తాగింది. రెండు చీరలు తెచ్చినా. ఒకటి ఎనక్కి తీస్కపోతే మా అక్క నన్ను ఊరికే ఇడుస్తాదా?"

ఆ పెద్దామె పెరట్లోకి వెళ్ళి తానే పిలుచుకొచ్చింది. ఆమె ఏమైందో తెలియక, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "కూకోమ్మా, నిలబడితే ఎట్లా పెడతా?" అన్నాడు మామ. నేను కొంచెం జరిగాను. ఆమె నా పక్కన కూర్చుంది. ఆయన వంగలేక వంగి, మొదట ఆమె ఒడిలో చీర పెట్టాడు, తర్వాత నా ఒడిలో. ఆమె చేతులకు ఇంకా మజ్జిగ తడి ఉంది, చీరకు అంటుతుందని పైకి ఎత్తి పట్టుకుంది.

"ఇంగ అన్నానికి లేయండప్పా," అని వంటల దగ్గరనుంచి ఎవరో కేకేశారు. "సంగటి ఆరిపోతాండాది."